మొగలిదిబ్బ కోరిక

పప్పు ఈ రోజు కూడా ఉడకలేదు. ఎస్తేరమ్మ గరిటె కొసన నాలుగు పలుకులు తీసి, ఊది, బొటనవేలితో నలిపింది. పైపొర జారింది గాని లోపలిది పలుకు పలుకుగానే ఉంది. మంట పెంచింది, మూత పెట్టింది, తీసింది, మళ్లీ నలిపింది. బడి వెనక రేకుల షెడ్డులో ఆవిరి ముఖానికి కొడుతుంటే చెంగుతో తుడుచుకుంటూ గిన్నెలోకి చూస్తూ నిలబడింది. బయట పిల్లలు పళ్లేలు పట్టుకుని అప్పటికే వరసలో నిలబడ్డారు.

మొగలిదిబ్బలో పంచాయతీ కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లలో అన్నం ఉడుకుతుంది, కూర ఉడుకుతుంది, కందిపప్పు మాత్రం మొండికేస్తుంది. బడి వంటకు జువ్వలదిన్నె వైపు నుంచి మంచినీళ్ల క్యాన్లు వేసుకుని ఆటో వస్తుంది. వచ్చిన రోజు వస్తుంది, ఇసకలో చక్రం కూరుకున్న రోజు రాదు. ఈ రోజు రాలేదు.

హెడ్మిస్ట్రెస్ వాణి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. ఆమె కావలి నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి, చెడ్డది కాదు.

"ఎస్తేరమ్మా, పోయిన వారం కూడా ఇంతే కదా. కడుపునొప్పి అంటున్నారని ఇద్దరు తల్లులు వచ్చి నన్ను నిలదీశారు. ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూస్తే నేనేం చెప్పను? ఇంకోసారి ఇట్లయితే వంట వేరేవాళ్లకి ఇవ్వమంటారు. నా చేతిలో ఏం లేదు."

"నా చేతిలో మాత్రం ఏముండాది మేడమ్? నీళ్లు అట్టుండాయి" అంది ఎస్తేరమ్మ.

పప్పుగుత్తి తీసుకుని, గిన్నెను కాళ్ల మధ్య ఇరికించుకుని, చేతులు లాగేసేదాకా ఎనిపింది. నలగని పలుకులు అడుగున చేరాయి. పైతేట పిల్లలకు వడ్డించింది. ఒక చిన్నపిల్ల పలుకులు ఏరి పళ్లెం అంచున పెట్టుకుంటుంటే ఎస్తేరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇదే చేత్తో పెళ్లిళ్లకు పప్పు వండిన మనిషి ఆమె.

ఆ నీళ్లు వేరు. ఆమె ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పుడు సరుగుడు తోట దాటాక ఇసకదిబ్బ వాలులో చెలమలుండేవి. అవతల చూస్తే సముద్రం, ఇవతల ఇసక తోడితే తియ్యటి నీళ్లు. అత్త ప్రమీలమ్మ గొంతుక్కూర్చుని కొబ్బరి చిప్పతో ఇసక తీస్తూ పోయేది. మోచేతి లోతు పోయేసరికి ఇసక రంగు మారేది, గుంట పక్కల నుంచి నీళ్లు చెమ్మగిల్లుతూ దిగేవి. మొదట ఊరిన బురదనీళ్లు ఎత్తి పారబోసి, "ఇంక కూసో" అనేది అత్త. నీళ్లు తేరుకునేదాకా కూర్చోవడమే పని. కోడళ్ల మంచీ చెడ్డా, కాన్పులు, అలకలు, ఎవరింట్లో ఏం కూరో, అన్నీ ఆ కూర్చోవడంలోనే తేలేవి. తర్వాత చిప్పతో తొణక్కుండా ముంచి, బిందె మూతికి కట్టిన గుడ్డలో పోసుకునేవాళ్లు. ఆ నీళ్లతో పొయ్యి మీద పప్పు పెట్టి, వాకిలి ఊడ్చి వచ్చేసరికి మెత్తగా ఉడికి ఉండేది. ఎంత సుఖమో అప్పుడు తెలియలేదు.

అప్పట్లో ఓట్లకొచ్చినవాళ్లు కూడా ఆ నీళ్లే తాగేవాళ్లు. ఒకాయన చెంబెడు తాగి, ఇంకో చెంబు పోయించుకుని, "ఏం నీళ్లమ్మా ఇవి, మా ఊరికి పంపించండి" అన్నాడు. అత్త ఆ మాట చచ్చేదాకా చెప్పుకుంది. తర్వాత ఊరికి రెండు పక్కలా రొయ్యల గుంటలొచ్చాయి. వాటిల్లోకి సముద్రపు నీళ్లొచ్చాయి. చెలమలు ఒక్కసారిగా ఉప్పెక్కలేదు, మెల్లమెల్లగా మారాయి. ఆ సంగతి నాలుకకంటే ముందు పప్పుకు తెలిసింది.

సాయంత్రం పార్టీ నుంచి సుకుమార్ వచ్చాడు. కొడవలూరు దగ్గర వరిపొలాలున్న ఇంటి అబ్బాయి. మండలంలో పార్టీ పనులన్నీ అతని నెత్తినే ఉంటాయి. ఈసారి ఎన్నికలకు వాళ్ల పార్టీ 'ఊరికొక కోరిక' అని కొత్త కార్యక్రమం పెట్టింది. ప్రతి ఊరూ తనకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటి చెప్పాలి. అభ్యర్థి స్వయంగా వచ్చి, ఆ ఒక్కటీ చేయిస్తానని అందరి ముందూ మాటిస్తాడు. అడగకుండా ఇచ్చే రోజులు పోయాయనీ, జనం మనసులో ఏముందో అదే చేయాలనీ పైనుంచి గట్టిగా చెప్పారట.

అడగడం ఎప్పటిలాగే చర్చి ముందర జరిగింది. మగవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడ్డారు. నడిమధ్య కుర్చీలో సంఘపెద్ద ఆండ్రూ. ఎస్తేరమ్మ చనిపోయిన భర్తకు సొంత అన్న ఆయన. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఎదురు చెప్పనివ్వక కాదు, చెప్పాలని ఎవరికీ తోచదు.

మొగలిదిబ్బ వాళ్లకు ఒక పద్ధతుంది. ఊరికి ఏదైనా అడిగే అవకాశం వస్తే ముందు దేవుని మందిరానికి అడగాలి. తమ కొంపల సంగతి తర్వాత. ఇటుకా ఇటుకా మోసి ఆ మందిరం కట్టినవాళ్లు పెట్టిపోయిన మర్యాద అది. అందుకని ఒక ఎన్నికల్లో గంట అడిగారు, వచ్చింది. ఇంకో ఎన్నికల్లో మైకుసెట్టు, అదీ వచ్చింది. పోయినసారి నేలకు టైల్స్ వచ్చాయి. ఏ పార్టీ గెలిచినా మొగలిదిబ్బ ఓడిపోయింది లేదు. ముందుది అడిగేవాళ్లు గాని, తర్వాతది అడిగే వంతు మాత్రం ఎన్నడూ రాలేదు.

"పెద్దాయనా, ఊరి తరఫున ఒక్కటి చెప్పండి" అన్నాడు సుకుమార్.

కరుణాకుమారి మోచేత్తో పొడిచింది. ఎస్తేరమ్మ పక్కింటామె, వంటలో తోడుండే మనిషి. "అడగక్కా" అంది గుసగుసగా.

"నువ్వడుగు."

"నేనా? మా మామ ఆడే కూసోనుండాడు."

ఎస్తేరమ్మ నోరు తెరిచింది. ఎదురుగా చర్చి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ తలుపుల ముందు నిలబడి బిందెలూ పప్పులూ అంటే దేవుణ్ణి పక్కకు జరగమన్నట్టుంటుందేమో అనిపించింది. ఇంతలో ఆండ్రూ గొంతు సవరించుకున్నాడు.

"రోడ్డు మొగదల మందిరానికి ఆర్చి కావాలయ్యా. దాని మీద కట్టినోళ్ల పేర్లు ఉండాల."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్తేరమ్మ కూడా కొట్టింది. కొడుతున్న చేతులు ఆమెకే పరాయివిగా తోచాయి.

మర్నాడు బడికి పోయే ముందు టీకొట్టు దగ్గర సుకుమార్ కనిపిస్తే ధైర్యం చేసి పోయింది. అతను టీ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"అబ్బయ్యా, ఆ ఆర్చి బదులు నీళ్లు అడగొచ్చా? దిబ్బకి పైన పాతూరు కాడ బోరు తియ్యగా ఉండాది గదా. ఆడి నుంచి పైపు వేస్తే మా ఊరికంతా సరిపోద్ది."

సుకుమార్ నవ్వాడు గాని వెటకారం లేదు అందులో.

"అక్కా, ఒక మాట చెప్తా, ఏమనుకోబాక. గంట మేం పెట్టించినాం. మైకు ఆ పార్టీవాళ్లు ఇచ్చినారు. టైల్స్ మళ్లీ మేమే. మీ ఊరు ఏది కావాలంటే అది చేసినాం, ఒక్కటి కూడా ఎగ్గొట్టలా. ఇన్ని ఎలక్షన్లలో ఒక్కరన్నా నీళ్లని నోరు తెరిచినారా? మా పార్టీ లెక్కలో మొగలిదిబ్బకి నీళ్ల బాధ లేదు."

పార్టీలవాళ్లు మోసం చేస్తారని ఊళ్లో అందరూ తిట్టుకునేవాళ్లే. చేసిన మోసం ఏమిటో చెప్పమంటే ఇప్పుడు ఎస్తేరమ్మ దగ్గర ఒక్కటీ లేదు.

"మా ఊళ్లోనూ ఇదే తంతు" అన్నాడు సుకుమార్. "ఇళ్లల్లో కూసుని కాలవ పూడిక తియ్యలేదని ఏడుస్తాం. కుర్చీలేసేసరికి గుడికి మండపం అడుగుతాం. పైవాళ్లకి కూడా అదే సుఖం. ఆర్చి అయితే తొందరగా లేస్తది, రోడ్డు మీద కనపడతది, పేరు పడద్ది. పైపు నేల కింద పోయేది, ఎవురు చూడొచ్చినారు? అయినా మార్చొచ్చు. కాకపోతే మీ పెద్దాయన నోటితో చెప్పాల. నువ్వు చెప్పినావని నేను మారిస్తే ఊళ్లో గొడవైపోద్ది."

ఆ రోజు ఆటో వచ్చింది, పప్పు ఉడికింది. మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక ఎస్తేరమ్మ, కరుణాకుమారి ఇంటికి పోకుండా దిబ్బ మీదికి నడిచారు. ఎవరు ముందు అన్నారో తెలియదు. సరుగుడు ఆకు కాళ్లకింద మెత్తగా ఉంది. చెలమలుండే చోట గాలికి ఇసక పేరుకుపోయి ఆనవాలు లేదు. ఎస్తేరమ్మ అటూ ఇటూ చూసి, ఒకచోట గొంతుక్కూర్చుని చేతులతోనే తోడడం మొదలుపెట్టింది. అత్త లాగే మోకాళ్ల మీద చెంగు వేసుకుంది. అత్త లాగే తీసిన ఇసకను గాలి వాటుకు పోసింది. మోచేతి లోతు పోయాక ఇసక రంగు మారింది.

"వస్తా ఉండాదక్కా!" అంది కరుణాకుమారి చిన్నపిల్లలా.

మొదటి నీళ్లు ఎత్తి పోశారు. తేరుకునేదాకా కూర్చున్నారు. కరుణాకుమారి తన కాన్పు సంగతి, అప్పుడు ప్రమీలమ్మ దోసిళ్లతో తన ముఖం కడిగిన సంగతి చెప్పుకొచ్చింది. కబుర్లలో పడి ఇద్దరూ ఎందుకొచ్చారో మరిచిపోయారు. నీళ్లు అద్దంలా తేరాయి. చూడ్డానికి అచ్చం అవే నీళ్లు. ఎస్తేరమ్మ దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. మింగలేక పక్కకు ఊసింది. అత్త పోయిననాడు కూడా ఇంత దుఃఖం రాలేదు ఆమెకు.

"పోయి బావతో చెప్తా" అంది లేస్తూ.

ఆండ్రూ ఇంటి అరుగు మీద కూర్చుని పాత వలముక్కను కోళ్లగూటికి కడుతున్నాడు. ఎస్తేరమ్మ ఎప్పటిలాగే అరుగెక్కకుండా గుంజ చాటున నిలబడింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి బావ ఎదుట కూర్చున్నది లేదు, ఆయన మాటకు అడ్డం చెప్పింది లేదు. భర్త పోయినప్పుడు ఆమెనూ పిల్లనూ ఆదుకున్నది ఆయనే. పిల్ల పెళ్లి దగ్గరుండి చేసిందీ ఆయనే.

"ఏంది అమ్మాయ్, ఈ ఎండలో?"

"ఏం లేదు బావా. ఊరికే వచ్చినా."

"మంచిపని చేసినావు. ఒకటి చూపిస్తా, ఉండు."

లోపలికి పోయి ఒక కాగితం తెచ్చాడు. కావలిలో ఎవరిచేతో గీయించిన ఆర్చి బొమ్మ. రెండు స్తంభాలు, పైన శిలువ, దాని కింద పేర్లు. మొదటి పేరు మీద వేలు పెట్టాడు. ముత్యాలయ్య. ఆయన తండ్రి, ఎస్తేరమ్మకు మామ.

"ఈ మందిరానికి మొదటి ఇటుక మోసింది మా నాయన. భుజం మీద కాయ కాసి ఉండేది, చిన్నప్పుడు దాన్ని పట్టుకుని ఆడుకునేవాణ్ణి నేను. అంత చేసిన మనిషి పేరు ఈ భూమ్మీద యాడన్నా ఉండాదా చెప్పు? నేను పోయేలోపల ఆ ఒక్కటి చూడాలని." కాగితం ఆమె వైపు తిప్పాడు. "బాగుండాదా?"

ఎస్తేరమ్మ వేళ్లకు ఇంకా తడి ఇసక అంటుకునే ఉంది. చేతులు చెంగులో దాచుకుంది.

"బో బాగుండాది బావా" అంది.

దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది.

అభ్యర్థి వచ్చే రోజు మధ్యాహ్నం నుంచే ఊళ్లో హడావిడి. డప్పులు, టపాసులు, పాటల ఆటో. ఆ పాట ఎక్కడో స్టూడియోలో కట్టింది, ఏ ఊళ్లో వేసినా ఒకటే. వెనకటికి ఇట్లా ఉండేది కాదు. వచ్చినాయన నులకమంచం మీద కూర్చుని, ఎవరి కొడుకువిరా నువ్వు అని అడిగి, చెంబు నీళ్లు తాగి పోయేవాడు. చేసేది అప్పుడూ అంతంతమాత్రమే గాని, కూర్చునేవాడు. ఇప్పుడాయన బండి దిగి, పూలదండలు వేయించుకుని, సొంత సీసాలోంచి రెండు గుక్కలు తాగి, చర్చి మెట్టెక్కి నిలబడ్డాడు.

ఆండ్రూ పొద్దుటి నుంచి కుర్చీలవాళ్ల మీదా షామియానావాళ్ల మీదా అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. పాస్టరుగారు మూడు ఊళ్లకు ఒక్కరే. అదే గంటలో పై ఊళ్లో రెండో పార్టీ అభ్యర్థికి ప్రార్థన చేయాల్సి వచ్చి అక్కడ చిక్కుకున్నారు. ఈ ఊరికి ఎవరొచ్చినా ప్రార్థన చేయకుండా మాట్లాడనివ్వడం అలవాటు లేదు.

"స్త్రీల సమాజం తరఫున మా మరదలు ఎస్తేరమ్మ ప్రార్థన చేస్తది" అన్నాడు ఆండ్రూ, పోయిన గొంతుతోనే.

ఎస్తేరమ్మకు అది ప్రతి గురువారం ఆడవాళ్ల కూడికలో చేసే పనే. ముసుగు సర్దుకుని ముందుకొచ్చింది. డప్పులు ఆగాయి, పాట ఆగింది. అందరూ తలలు వంచారు. అభ్యర్థి కండువా తీసి చేతికి చుట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన మొదలైతే ఆమేన్ అనేదాకా మొగలిదిబ్బలో ఎవరూ కదలరు, మధ్యలో ఎవరూ మాట్లాడరు.

"పరలోకమందున్న మా తండ్రీ, కృపగల దేవా, ఈ సాయంకాలం నీ సన్నిధిలో మమ్మల్ని చేర్చినందుకు నీకు స్తోత్రం. ఈ అయ్యను మా ఊరికి తోడుకొచ్చినందుకు స్తోత్రం. ఈయన పోయే దారుల్లో కాపాడు. నీ మందిరానికి ఆర్చి కట్టిస్తామంటా ఉండారు..."

అక్కడ ఆగిపోయింది. మాటలు వెతుక్కుంటోందేమో అనుకున్నారు. ఎస్తేరమ్మ కళ్లు మూసుకునే ఉంది. ఆ చీకట్లో బావ లేడు, కుర్చీలు లేవు, ఒక్క దేవుడే ఉన్నాడు. ఆయన దగ్గర ఆమెకు దాపరికం ఎప్పుడూ లేదు.

"తండ్రీ, గంట అడిగినాం, ఇచ్చినావు. మైకు అడిగినాం, ఇచ్చినావు. కింద రాళ్లడిగినాం, ఇచ్చినావు. అన్నీ నీకే అడిగినాం తండ్రీ, నీకేం తక్కువ? భూమీ ఆకాశం నీవి. మాకు నీళ్లు లేవు. బిడ్డలకి పప్పు ఉడకడంల్యా, పలుకులు ఏరి పక్కన పెట్టుకుంటా ఉండారు. ఆడోళ్లం బిందెలు పట్టుకుని ఆటో కోసం ఎదురు చూస్తా ఉండాం. మా అత్త చిప్పతో తోడితే నువ్వు తియ్యటి నీళ్లిచ్చినావు, అవి పోయినాయి. నిన్ను తప్పు పట్టడంల్యా. అడగంది మాదే తప్పు. దప్పికంటే ఎట్టుంటదో నీకు తెలుసు. మా పెద్దాయన మనసు నొప్పించబాక తండ్రీ, నా బిడ్డని సాకినోడు. మామ మోసిన ఇటుకలు నువ్వు చూసినావు, పేరు సిమెంటు మీద లేకపోతే మర్చిపోయేవాడివి కాదు నువ్వు. ఈ అయ్యకి మా ఊరికి తియ్యనీళ్ల పైపు వేయించే మనసియ్యి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ."

"ఆమేన్" అన్నారు ఆడవాళ్లంతా. అంత గట్టిగా ఆ ఊరి ఆడవాళ్లు ఏనాడూ అనలేదు. మైకు అభ్యర్థి నోటి దగ్గరే ఉండడంతో ఆయన ఆమేన్ ఊరంతా వినపడింది. సుకుమార్ తల వంచుకుని ఎవరికీ కనపడకుండా నవ్వుకున్నాడు.

ఆండ్రూ మాత్రం ఆమేన్ అనలేదు.

అభ్యర్థి కళ్లు తెరిచి అటూ ఇటూ చూశాడు. తెలివైనవాడు, తొందరపడలేదు. "పెద్దాయనా, ఆర్చి అని నాకు చెప్పారు. ఇప్పుడు ఊరి మాట ఏది? మీరేదంటే అదే" అన్నాడు.

తను ఏం చేసిందో ఎస్తేరమ్మకు అప్పుడు తెలిసింది. ఊరి ముందర, పార్టీవాళ్ల ముందర, తనను కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి తల వంచేసింది.

ఆండ్రూ మెట్టు దిగి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపం లేదు ఆయన ముఖంలో. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు.

"ఇన్నాళ్లూ ఇంత బాధ పెట్టుకుని నాతో ఒక్క మాటన్నా అనలేదే అమ్మాయ్. మొన్న ఇంటికొచ్చింది దీనికేనా?"

ఆమె తలూపింది.

"దేవుడికి చెప్పగలిగినదానివి నాకు చెప్పలేకపోయినావా? ఆయనకన్నా నేనంటేనే నీకు భయమా?"

కాదు బావా, అట్టాంటిదేం లేదు అనాలి. మర్యాద అది. ముప్పైయేళ్లుగా అలాంటి మాటలే చెబుతూ వచ్చింది. ఎస్తేరమ్మ మొదటిసారి తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది.

"అవును బావా" అంది.

ఆండ్రూ గోడవారనున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. తన భార్యను చూశాడు. ఆమె చప్పున కళ్లు దించుకుంది. ఆ దించుకోవడం చూశాక ఆయన వెనక్కి తిరిగి, అభ్యర్థి చేతిలోని మైకు తీసుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు.

"నీళ్లయ్యా" అన్నాడు. "మాకు నీళ్లు కావాల."